పంతొమ్మిది పాయింట్ల రక్తం

మా నాయనకు నేను వేసిన సూదుల్లో చివరి నాలుగింటిలో మందు లేదు. వట్టి సెలైను నీళ్ళు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, డాక్టరుకు చెప్పలేదు. డైరీలో కూడా ఆ నాలుగు ఆదివారాల కింద "వేశాను" అని ఊరుకున్నాను. ఏం వేశానో రాయలేదు. నా డైరీని నేను తప్ప ఎవరూ చదవరు. అయినా రాయలేదు.

నేను ప్రొద్దుటూరులో ఒక చిన్న ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. మా ఊరు జమ్మలమడుగు పక్కన. రోజూ పొద్దున మొదటి బస్సుకు పోయి సాయంత్రం వస్తాను. మనుషులతో ఎక్కువ మాట్లాడకుండా బతకవచ్చని ఈ పని ఎంచుకున్నాను. పిడికిలి బిగించండి, వదిలేయండి, దూది గట్టిగా పట్టుకోండి. ఈ మూడు మాటలతో రోజు గడిచిపోతుంది. మిషను తిరుగుతున్నంతసేపు టేబులు సొరుగులో పెట్టుకున్న పుస్తకం చదువుకుంటాను. ఎవరైనా లోపలికి వస్తే సొరుగు మూసేస్తాను, దొంగతనం చేసినట్టు.

మా ల్యాబుకు ఒక రకం మగవాళ్ళు వస్తారు. యాభై దగ్గర పడినవాళ్ళు, దాటినవాళ్ళు. డాక్టరు రాసిన చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో నుంచి కాదు, ప్యాంటు జేబులో నుంచి తీస్తారు. నన్ను చూసి, నా వెనక గోడను చూసి, "ఈడ మగోళ్ళెవరూ లేరా పాపా?" అంటారు. లేరంటే మొహం మాడ్చుకుంటారు. చీటీలో ఉండేది టెస్టోస్టిరాన్ పరీక్ష, మగవాళ్ళలో ఉండే హార్మోను. పొద్దున్నే, ఎనిమిది లోపల, పరగడుపున ఇస్తేనే ఆ లెక్కకు అర్థం ఉంటుంది. వీళ్ళేమో పదకొండుకు, దోసెలు తిని, టీ తాగి వస్తారు. రేపు పొద్దున రమ్మంటే కోపం. "ఒగసారి వచ్చేదానికే పానం పోతాంటే రెండుసార్లు తిప్పుతావా?" అని ఒకాయన కేకలేశాడు. రిపోర్టు తీసుకునేటప్పుడు ఇంకా కోపం. వాళ్ళ ఒంట్లో ఏదో తగ్గడం నా తప్పయినట్టు, ఆ అంకెను నేను చదవడం వల్లనే తగ్గినట్టు చూస్తారు. అలసట ఆడవాళ్ళకూ ఉంటుంది. ఆరు పాయింట్ల రక్తంతో గడ్డిమోపు దించి నేరుగా ల్యాబుకు వచ్చే ఆడవాళ్ళను నేను రోజూ చూస్తాను. వాళ్ళెవరూ నా మీద అరవరు. అందుకే ఈ మగవాళ్ళంటే నాకు గిట్టదు. మా నాయన వాళ్ళలో ఒకడు కాకముందు నుంచే గిట్టదు.

మా నాయనకు యాభై ఆరేళ్ళు. నల్లరేగడిలో శనగ, పత్తి పెడతాడు. అది పని మాత్రమే. ఆయన బతికేది ఎద్దుల కోసం. బండలాగుడు పందేలకు ఒక జతను సాకుతాడు. పెద్ద రాతిబండను గొలుసుతో కాడికి కట్టి, ఇచ్చిన గడువులో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జత గెలిచినట్టు. ఎద్దులు లాగుతుంటే పక్కన మనిషి చర్నాకోల పట్టుకుని అరుస్తూ పరిగెత్తాలి. బరి చివరికి పోయి, తిప్పి, మళ్ళీ పరిగెత్తాలి. మిగతా యజమానులు ఈ పనికి పడుచువాళ్ళను పెట్టుకుంటారు. మా నాయన పాతికేళ్ళుగా తానే పరిగెత్తాడు. మా ఇంట్లో నాకంటే ముందు ఎద్దులకు పేర్లు పెట్టారు, నాకంటే ముందు వాటికి ఫొటోలు తీయించారు.

రెండేళ్ళ కిందట ఆయన నెమ్మదించాడు. మధ్యాహ్నం అన్నం తిని ఎద్దుల కొట్టంలోనే పడుకునేవాడు. పొట్ట ముందుకు వచ్చింది, చేతులు సన్నబడ్డాయి. దేనికీ ఉత్సాహం లేదు, ప్రతిదానికీ చిరాకు. మైలవరం దగ్గర జరిగిన ఒక పందెంలో రెండో మలుపు దగ్గర మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. ఎవరో గట్టిగా అన్నారట: "ఏం మామా, నువ్వు ఎద్దుల్ని తోలుతాండావా, అవి నిన్ను తోలుతాండాయా?" ఇంకొకడు అందుకున్నాడట: "ఉలవలన్నీ వాటికే ఎందుకు పెడతాండావు? రోంత నువ్వు తినుపో!" ఈ మాటలు నాకు అమ్మ చెప్పింది. చెబుతూ కొంచెం నవ్వింది కూడా. ఆయన వినేలా నవ్వలేదు.

ఆ తర్వాత ఒకరోజు మా ల్యాబు వరుసలో మా నాయన నిలబడి ఉన్నాడు. నాతో చెప్పలేదు. పదకొండు దాటింది. ముందు నలుగురు ఉంటే, వాళ్ళ వెనక ఎవరో పరాయి మనిషిలా నిలబడ్డాడు. నా ముందుకు వచ్చి చీటీ పెట్టాడు. అదే పరీక్ష. పక్కన నాతో పనిచేసే అమ్మాయి ఉంది కాబట్టి నేను కూడా తల వంచుకుని, "మీ పేరు?" అన్నాను. ఆయన పేరు చెప్పాడు. వయసు చెప్పాడు. అప్పుడు మెల్లగా అన్నాను:

"రేపు ఏడున్నరకు పరగడుపున రావాల నాయనా. ఇప్పుడు తీస్తే లాభం లేదు."

"ఈ ముక్క ఇంట్లోనే చెప్పి సావొచ్చు గదా," అన్నాడు.

మర్నాడు వచ్చాడు. సూది గుచ్చేటప్పుడు మొహం తిప్పుకున్నాడు. ఎద్దు ముక్కుకు తాడు గుచ్చే మనిషికి సూదంటే భయమని నాకు ఇరవై ఆరేళ్ళు వచ్చాక తెలిసింది.

రిపోర్టులో అంకె ఉండాల్సిన దానికన్నా కొంచెం తక్కువ. మరీ తక్కువ కాదు. డాక్టరు చాలా విషయాలు చెప్పాడు. షుగరు మొదలైంది, పొట్ట తగ్గాలి, గురక ఉంది కాబట్టి నిద్ర సరిగా పడుతున్నట్టు లేదు, మందు తాగడం మానాలి, రోజూ నడవాలి, మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం, వయసుతో కొంత తగ్గడం రోగం కాదు అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను. మా నాయన ఒక్క మాటే విన్నాడు.

"తక్కువంట," అన్నాడు ఇంటికి వచ్చాక.

"కొంచెమే నాయనా. డాక్టరు చెప్పినట్ల రోజూ నడిస్తే..."

"పందెం ఎద్దు నీరసపడితే ఊరంతా నడిపించుకోని వస్తామా? బలం మందు ఎక్కిస్తాము. తక్కువైంది ఎక్కించుకుంటే సరిపాయె. దీనికి మూడు నెలలేంది?"

ప్రొద్దుటూరులో వ్యాయామశాల నడిపే ఒకతను ఉన్నాడు. నాయనను మామా అని పిలుస్తాడు, ఎద్దుల పిచ్చితో పరిచయం. అతని దగ్గర ఆ హార్మోను మందు చిన్న గాజు సీసాల్లో దొరికింది. నూనెలా చిక్కగా, లేత పసుపు రంగులో ఉంటుంది. నెలకొకటి చాలని అతనే చెప్పాడట. మా నాయన నమ్మలేదు. "ఇంత మనిషికి నెలకొకటి యా మూలకు?" అని వారానికొకటి అని తానే నిర్ణయించాడు. పందెం ముందు ఎద్దులకు టానిక్కులు పట్టించే లెక్క అది. పులివెందులలో పెద్ద పందేనికి ఇంకా ఐదు నెలలు ఉంది.

సూది వేసేవాళ్ళు కావాలి. పశువుల కాంపౌండరు వేయగలడు. కానీ "ఆయప్పకు చెప్తే మైలవరం దాకా మైకులో చెప్పినట్టే," అన్నాడు నాయన. ఆర్‌ఎంపీ దగ్గరికి పోయినా, వ్యాయామశాలలో వేయించుకున్నా పది మంది చూస్తారు. ఒక ఆదివారం పొద్దున కొట్టంలోకి పిలిచి, పెట్టె నా చేతిలో పెట్టి, "పాపా, నువ్వు వెయ్యి. మీ అమ్మకు చెప్పాకు," అన్నాడు.

ఎందుకు ఒప్పుకున్నానో డైరీలో చాలాసార్లు రాసి కొట్టేశాను. నాకు లేదనడం రాదని రాశాను. నాయన అన్నేళ్ళలో మొదటిసారి నన్ను ఏదైనా అడిగాడని రాశాను. అవి నిజమే కానీ అసలు కారణం అవి కావు. నా పుస్తకాలను చూసి వచ్చినవాళ్ళందరి ముందూ, "ఇది కాగితాలు నమిలే మేక లే," అనే మనిషి, చొక్కా భుజం దాకా మడిచి, గోడకు తిరిగి, కళ్ళు గట్టిగా మూసుకుని నా ముందు నిలబడేవాడు. ఆ రెండు నిమిషాలూ ఆయన నాకు భయపడేవాడు. అది నాకు నచ్చింది.

మందు పనిచేసింది. రెండో నెలకు ఆయన తెల్లవారక ముందే లేచి ఎద్దులను చేను గట్ల మీద పరిగెత్తించాడు. చేతులు గట్టిపడ్డాయి. మొహం ఎర్రగా కందినట్టు ఉండేది. వీపు మీద పడుచువాళ్ళకు వచ్చే కురుపులు వచ్చాయి. గురక ఇంకా పెరిగింది. నీళ్ళ కాలువ దగ్గర ఇద్దరితో, బస్టాండులో ఒకడితో, ఇంట్లో రోజుకు రెండుసార్లు గొడవ. పప్పులో ఉప్పు ఎక్కువైందని గిన్నె విసిరికొట్టాడు. మూడో నెలలో అమ్మ తన మంచం నా గదిలోకి తెచ్చుకుంది. కారణం చెప్పలేదు, నేను అడగలేదు. ఆమె చేతి మీద వేళ్ళ ముద్రలు ఉండటం చూశాను.

"మీ నాయన ఏదో తింటాండాడు మే. ఈ వయసులో ఏంది ఇది? నీకు తెలుసా?" అని అడిగింది.

"తెలీదు."

"తెలీదా? అన్నీ పుస్తకాల్లో సదువుతాంటివి గదా, ఇది రాయలేదా యాడా?"

ఆ రోజు ఆమెకు చెప్పి ఉండవలసింది. చెబితే సూది ఎవరు వేశారని అడుగుతుంది. నేను దుప్పటి కప్పుకుని గోడకు తిరిగాను, మా నాయన లాగే.

నాలుగో నెలలో నేనే పట్టుబట్టి ఆయన రక్తం తీశాను. గొట్టంలో రక్తం మామూలుగా ఉండే దానికన్నా నల్లగా, చిక్కగా ఉంది. మిషనులో హిమోగ్లోబిన్ పంతొమ్మిది అని వచ్చింది. తప్పు చూపిందేమోనని మళ్ళీ పెట్టాను. పంతొమ్మిది. సూదులు మొదలుపెట్టక ముందు పదిహేను లోపే ఉండేది. ఆ మందు ఎక్కువైతే రక్తం చిక్కబడుతుందని, చిక్కబడిన రక్తం గడ్డకట్టి మెదడుకో గుండెకో పోవచ్చునని నేను చదివాను. సాయంత్రం ఇంటికి పోయి రిపోర్టు చూపించాను. ఇక ఆపేయాలి నాయనా, ఇది ప్రమాదం అని చెప్పాను.

ఆయన ఆ కాగితాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. మొహం వెలిగిపోయింది.

"పంతొమ్మిదా!"

ఇక్కడ రక్తం అంటే అందరికీ తెలిసింది ఒక్కటే, లేకపోవడం. ఏ ఇంట్లో చూసినా ఆడవాళ్ళకు ఏడు, ఎనిమిది. ఎర్ర మాత్రలు, బెల్లం, దానిమ్మకాయలు, "రక్తం ఎక్కించాల" అన్న మాటలు. రక్తం ఎక్కువైందని ఏ డాక్టరైనా చెప్పడం ఎవరూ విని ఉండరు. మర్నాడు జమ్మలమడుగు బస్టాండులో దిగేసరికి టీ అంగడి దగ్గర మా నాయన గొంతు వినిపించింది. చేతిలో రిపోర్టు.

"పంతొమ్మిది పాయింట్లు! మీ ఇంట్లో ముగ్గురిదీ కలిపినా అంత రాదురా!"

"మా ఆడామెకు ఏడే మామా. ఒక చెంబు పోసిపో," అన్నాడొకడు.

"చెంబెందుకు, బిందె తెచ్చుకో. యాభై ఆరేండ్లు నాకు. మైలవరంలో ఎవుడో ఉలవలు తినమన్నాడే, యాడున్నాడు వాడు?"

అందరూ నవ్వారు. నా సంతకం ఉన్న కాగితం చేతులు మారుతూ టీ మరకలు అంటించుకుంటోంది. నేను తల వంచుకుని ఆటో ఎక్కాను.

ఇంట్లో మళ్ళీ చెప్పాను. "రక్తం గడ్డకడితే కాలు చెయ్యి పడిపోతాయి నాయనా."

"కాలు చెయ్యి పడిపోయేది రక్తం లేనోళ్ళకు. నాకెందుకు పడిపోతాయి?" అన్నాడు. అమ్మను పిలిచి, రేపటి నుంచి తనకు బీట్‌రూట్ కూర వండమన్నాడు. "పులివెందులకు పోయేలోపల ఇరవై చేస్తా చూడు."

ఆయన్ను ఆపేది మాటలతో కాదని ఆ రోజు అర్థమైంది. చిక్కబడిన రక్తంతో, మండే ఎండలో, వేలమంది ముందు ఆ బండ పక్కన పరిగెత్తి ఆయన చచ్చిపోతాడు. చంపింది నా చెయ్యి అవుతుంది. ప్రొద్దుటూరులో మందుల షాపులో చిన్న సెలైను బుడ్డి కొన్నాను. తర్వాతి ఆదివారం ఆయన గోడకు తిరగగానే అసలు మందు సీసా విరిచి, సిరంజిలోకి లాగి, గడ్డిలోకి వదిలేశాను. ముందే నింపుకుని కొంగు చాటున పెట్టుకున్న నీళ్ళ సిరంజి వేశాను. ఖాళీ సీసాను ఎప్పటిలాగే ఆయనకు కనిపించేలా తొట్టి మీద పెట్టాను.

"చెయ్యి కుదిరింది నీకు," అన్నాడు భుజం రుద్దుకుంటూ. "ఇంతకుముందు గొడ్డును పొడిచినట్ల పొడుస్తాంటివి."

అట్లా నాలుగుసార్లు. మొదటి రెండు వారాలు ఆయనకు తేడా తెలియలేదు. తర్వాత మెల్లగా అరుపులు తగ్గాయి. మధ్యాహ్నం నిద్ర మళ్ళీ మొదలైంది. "శాంతించినాడే, దేవుని దయ," అంది అమ్మ. నేను గెలిచాననుకున్నాను. డైరీలో ఆ రోజు పేజీ మూలన ఒక చిన్న పువ్వు గీశాను. బయట నుంచి మందు వస్తున్నన్నాళ్ళు ఒంట్లో హార్మోను తయారుకావడం ఆగిపోతుందని, మందు ఆపితే అది వెంటనే మేలుకోదని అప్పుడు నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా చూడలేదు. తెలుసుకుంటే మళ్ళీ ఏదో ఒకటి నిర్ణయించుకోవలసి వస్తుంది.

పులివెందులకు నన్ను కూడా రమ్మన్నాడు. ఎప్పుడూ పిలవని మనిషి. "రా పాపా, నీ చేత్తో వేసిన బలం ఎట్లుందో చూద్దువు."

బరి చుట్టూ కట్టెలు పాతి తాళ్ళు కట్టారు. ఆడవాళ్ళు పదిమంది కూడా లేరు. నేను ఒక ట్రాక్టరు నీడలో, అమ్మకు వరుసకు అక్క అయ్యే ఒకామె పక్కన నిలబడ్డాను. మా జత వంతు వచ్చింది. మా నాయన పంచె ఎగగట్టి, తలగుడ్డ చుట్టి, చర్నాకోల గాల్లో తిప్పాడు. ఈలలు. బండ కదిలింది. మొదటి మలుపు దాకా పరిగెత్తాడు. అరుపు బాగానే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఎద్దులకు రెండడుగులు వెనకబడ్డాడు, తర్వాత ఐదు అడుగులు. ఆయన కాళ్ళు ఎత్తాలనుకున్నంత ఎత్తు లేవడం లేదని నాకు దూరం నుంచే తెలిసింది. రెండో మలుపు రాకముందే ఆగిపోయాడు. కూర్చోలేదు, పడలేదు, వట్టిగా నిలబడిపోయాడు. తాళ్ళ దగ్గరున్న ఎవరో పడుచువాడు లోపలికి దూకి చర్నాకోల లాక్కుని పరిగెత్తాడు. ఎద్దులు ఒకసారి కూడా వెనక్కి చూడలేదు.

మైకులో గొంతు పలికింది: "ఎద్దులు పోతాండాయి! యజమాని నిలిచిపోయినాడు! అప్పా, ఆయప్పకు ఒక కుర్చీ వెయ్యండప్పా!"

నిజంగానే ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. వేలమంది నవ్వుతుంటే మా నాయన బరి మధ్యలో ఆ కుర్చీలో కూర్చున్నాడు. మా జతకు రెండో బహుమతి వచ్చింది. తీసుకోవడానికి ఆయన లేవలేదు. తిరుగు ప్రయాణంలో మినీ లారీ వెనక ఎద్దుల మధ్య నిలబడి వచ్చాడు. నేను ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాను. నాకు సంతోషం కలిగిందా అంటే, ఒక్క క్షణం కలిగింది. కుర్చీ తెచ్చినప్పుడు. ఆ క్షణాన్ని ఇప్పటికీ క్షమించుకోలేకపోతున్నాను.

ఆ తర్వాత ఆయన మంచం దిగలేదు. ఊరికే ఏడ్చేవాడు. అమ్మ భయపడి ప్రొద్దుటూరుకు తీసుకొచ్చింది. ఈసారి హార్మోను అంకె మొదటిదాంట్లో సగం కూడా లేదు. మొదటిసారి చూసిన డాక్టరే గుచ్చి గుచ్చి అడిగితే నాయన మొత్తం చెప్పాడు. ఏ మందు, ఎన్నాళ్ళు, ఎంత. "మొన్న పందెం ముందు దాకా వారానికొకటి సార్. మా పాపే వేసింది."

అమ్మ నా వైపు తిరిగింది. ఆ చూపు గురించి రాయలేను. డాక్టరు కళ్ళద్దాలు తీశాడు. "చదువుకున్నదానివి కదమ్మా నువ్వు? తెలిసే వేశావా?"



"రక్తం పదిహేడుకు దిగింది, అది మీ అదృష్టం," అన్నాడు నాయనతో.

"అదీ తగ్గిందా!" అన్నాడు నాయన.

డాక్టరు రిపోర్టును మళ్ళీ చూసి తల అడ్డంగా ఊపాడు. "కానీ ఈ హార్మోను లెక్క కుదరడం లేదు. రెండు వారాల కిందటి దాకా వేసుకున్న మనిషిలో ఇంత తక్కువ ఉండకూడదు. అంతకుముందే మందు ఆగిపోయి ఉండాలి. లేకపోతే చివర్లో మీకు ఎవరో నకిలీ సరుకు ఇచ్చి ఉండాలి."

నేను నోరు విప్పవలసిన చోటు అది. గదిలో నేను కాక ముగ్గురు ఉన్నారు, ఫ్యాను తిరుగుతోంది. డాక్టరు ఇంకా చెబుతున్నాడు: ఇక ఒక్క సూది కూడా వేసుకోవద్దు, ఒంట్లోది దానంతట అది మేలుకోవడానికి నెలలు పడుతుంది, పడనివ్వండి, నడవండి, షుగరు తగ్గించుకోండి. మళ్ళీ మొదలుపెడితే గుండెకో మెదడుకో వస్తుంది. మా నాయన మళ్ళీ ఒక్క మాటే విన్నాడు.

"నకిలీ."

అమ్మను బస్టాండులో కూర్చోబెట్టి, సీసాలు గుర్తుపట్టడానికి నన్ను వెంటబెట్టుకుని వ్యాయామశాలకు పోయాడు. రెండు వారాలుగా మంచం దిగని మనిషికి ఆ మెట్లు ఎక్కే బలం ఎక్కడి నుంచి వచ్చిందో. ఆ యజమాని, "రా మామా, ఏంది ఇట్ల చిక్కినావు?" అంటూ ఎదురొచ్చాడు. చెంప మీద కొట్టాడు నాయన.

"నీళ్ళిస్తావురా నాకు? పులివెందులలో కుర్చీ ఏపిస్తావా?"

"మామా, పిల్లల మీద ఒట్టు, అసలు సరుకే ఇచ్చినా. వీళ్ళందరూ అదే వాడతాండారు, అడుగు."

"ఏందిరా అసలు సరుకు? డాక్టరే చెప్పినాడు!"

బరువులు ఎత్తుతున్నవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఆ మనిషి చెంప మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూశాడు, నేనేమైనా చెబుతానేమోనని. నాకు అతని మీద జాలి లేదు. అటువంటి మందును అట్లా అమ్మినవాడు దెబ్బ తిన్నాడు. కానీ అతను తిన్నది అతని తప్పుకు కాదు, నా తప్పుకు. చివరికి అతను లోపలికి పోయి మరో పెట్టె తెచ్చి నాయన చేతిలో పెట్టాడు. "తీసుకోపో మామా. దుడ్లు కూడా వద్దు. ఇది పనిచెయ్యకపోతే మళ్ళా వచ్చి ఇంకో చెంప వాయించు."

ఆదివారం పొద్దున నాయన కొట్టంలోకి పిలిచాడు. చొక్కా మడిచి, గోడకు తిరిగి నిలబడ్డాడు. భుజం కండ జారి ఉంది. పెట్టె తొట్టి మీద ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు.

"వెయ్యి," అన్నాడు.

"వెయ్యను నాయనా."

"ఏందీ?" ఇటు తిరిగాడు. నేను ఆయనకు కాదని చెప్పడం అదే మొదలు. ఇద్దరికీ కొత్తే.

"ఇంకెప్పుడూ వెయ్యను. వేసుకుంటే సస్తావు. డాక్టరు చెప్పినాడు గదా."

"వాడు నకిలీది ఇచ్చినందుకు ఇట్లయింది. ఇది అసలుది."

నిజం గొంతు దాకా వచ్చింది. అంతకుముందుదీ అసలుదే నాయనా, నేనే పారబోశాను అని. చెబితే ఏమవుతుందో కూడా అప్పుడే తెలిసింది. తనకు వయసు వల్ల ఏమీ తగ్గలేదు, కూతురే మోసం చేసింది అనుకుంటాడు. ఆ కోపంతో మళ్ళీ పాతికేళ్ళవాడైపోతాడు. సిగ్గు వదిలేసి పెట్టె పట్టుకుని పశువుల కాంపౌండరు దగ్గరికి పోతాడు. మందు మంచిదని, పనిచేస్తుందని నేనే సాక్ష్యం చెప్పినట్టు అవుతుంది. ఆయన బతకాలంటే నా అబద్ధం అట్లాగే ఉండాలి. అందుకే ఆ నిజాన్ని మింగేసి, "వెయ్యను," అని మళ్ళీ అన్నాను.

"పెంచి పోషించింది ఇందుకా? నువ్వు వెయ్యకపోతే ఎవురు వేస్తారు?"

"ఎవురి దగ్గరికన్నా పో. పోయి అడుగు. నేను మాత్రం వెయ్యను."

ఊళ్ళో ఎవరినీ ఆయన అడగలేడని నాకు తెలుసు. అడగాలంటే తనకు ఏమి తక్కువైందో చెప్పాలి. ఆయన ఒక అడుగు నా వైపు వేశాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. చొక్కా చెయ్యి కిందికి దించి గుండీ పెట్టుకున్నాడు. రెండుసార్లు తప్పింది. సాయం చేయబోయి ఆగిపోయాను.

అది జరిగి ఎనిమిది నెలలైంది. ఆ పెట్టె సీలు తీయలేదు. చూశాను. ఆయన పొద్దున్నే చెరువు దాకా నడుస్తున్నాడు. షుగరు తగ్గింది. రక్తం పదిహేనుకు వచ్చింది. ఆ హార్మోను అంకె మొదటిసారి వచ్చినంత దాకా మెల్లగా ఎక్కింది, అంతకు మించి ఎక్కలేదు. ఎద్దుల పక్కన ఇప్పుడు పక్క ఊరి పడుచువాడు పరిగెత్తుతాడు. అమ్మ మంచం ఇంకా నా గదిలోనే ఉంది. ఆమె నాతో మాట్లాడుతుంది కానీ నా చేతులను చూస్తూ మాట్లాడుతుంది. నాయన నాతో మాట్లాడడు. రక్తం ఇవ్వడానికి ల్యాబుకు వచ్చినా పక్క అమ్మాయి ముందు కూర్చుంటాడు. నాతో ఏదైనా పని ఉంటే అమ్మతో చెప్పిస్తాడు. ఆ రోజు కొట్టం గడప దాటబోతూ, వెనక్కి తిరగకుండా అన్నదే ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాట:

"సరే. నేను ముసిలోన్నయినానని ఊర్లో నువ్వే పోయి చెప్పు."